నాలుగు పాళ్ళకు ఒకటి

ముప్పై ఒక్క ఏళ్ళు కైనా ఊరి మందుల షాపులో
చుక్కలు లెక్కపెట్టిన చేతులివి.
కంటికొలత అంటే నాకు ఒళ్ళు మంట.
మెకానిక్ ఉర్మాస్ నవ్వుతాడు,
"పెయింటే కదా వైకే, ఎవరైనా తాగుతారా?" అని.
తాగరు. కానీ తప్పు పాలు పడితే
ఇనుముకీ అజీర్తి చేస్తుంది.

నాలుగు పాళ్ళ బూడిదరంగు ప్రైమర్,
ఒక పాలు తేనెరంగు హార్డెనర్.
విడివిడిగా ఉంటే రెండూ ఏళ్ళ తరబడి
అల్మారాలో పక్కపక్కనే నిద్రపోతాయి.
ఖాళీ కెఫీర్ డబ్బాలో కలిపానా,
గోరువెచ్చని పాలలో తోడు వేసినట్టే,
ఇక వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు.

కలిపాక పావుగంట ముట్టుకోకూడదు.
ఒకదానికొకటి అలవాటు పడాలట.
ఆ పావుగంటలో నేను మాస్కు బిగించుకుంటాను,
హీటర్ని ఇంకాస్త దగ్గరికి జరుపుతాను.
అక్టోబరులో ఈ దీవి మీద సముద్రం
కిటికీ సందుల్లోంచి కూడా లోపలికి వస్తుంది.
పదిహేను డిగ్రీలు దిగితే పూత అలుగుతుంది,
వారమైనా వేలికి అంటుకుంటూనే ఉంటుంది.

బల్ల మీద ఉన్నది సైడ్‌కార్.
బండి లేదు. ఉత్త సైడ్‌కారే.
బండిని నా తమ్ముడు హెల్దుర్
సెలవులకొచ్చిన ఒక స్వీడన్ వాడికి అమ్మేశాడు,
నన్ను ఒక్క మాటైనా అడక్కుండా.
పదకొండేళ్ళయింది.
ఇది మాత్రం గడ్డికొట్టంలో, కందిరీగల గూటితో సహా
నా వంతుకు మిగిలింది.

సగం చేశాను. లోపలి వైపంతా, ముక్కు వరకు.
బూడిదరంగు తడి మెరుపులో హీటర్ ఎర్రగా కనబడుతోంది.
గన్ ఎత్తి రెండో సగానికి తిరిగేసరికి
తలుపు దగ్గర హెల్దుర్.

మాస్కులో నేను ఏమన్నానో నాకే వినబడలేదు.
వాడు టోపీ తీయలేదు. కూర్చోలేదు.
"రంగేం వేస్తున్నావు?"
"పచ్చ."
"పచ్చ కాదు అది."
"పచ్చే."
పదకొండేళ్ళ తర్వాత మా మాటలు ఇవి.

డబ్బా మీద రాసింది రెండు గంటల ఆయుష్షు.
గన్‌లో ఉన్నదాన్ని మాత్రం వెంటనే థిన్నర్‌తో కడిగేశాను,
ఎవరొచ్చినా సరే గన్‌ను చంపుకోను.
కెఫీర్ డబ్బా హీటర్ పక్కనే ఉండిపోయింది.
వాడు మోకాళ్ళ మీద కూలబడి
నంబరు పలక బిగించే పట్టీ కిందికి
బొటనవేలి గోరు దూర్చి గీకాడు.
నా ఉప్పుకాగితం అందని ఒకే ఒక్క చోటు అది.
అక్కడ పెసరగింజంత
నీలం.

"చూశావా" అనలేదు వాడు.
అంటే బాగుండేది, తిట్టడానికి ఒక దారి దొరికేది.
చిన్నప్పుడు ఇందులో కూర్చుని రేవుకి వెళ్తుంటే
తన మోకాళ్ళ మధ్య చేపల బుట్ట పెట్టేవాళ్ళని,
ఆ వాసనకి నేను ముక్కు మూసుకుని
వెనక సీటు మీంచి వాడి నెత్తిన మొట్టేదాన్నని
గోడకి చెప్పినట్టు చెప్పాడు.
మధ్యలో ఒకసారి "అక్కా" అన్నాడు.
పొరపాటున అన్నాడేమో, సరిదిద్దుకోలేదు.

డబ్బా వేడెక్కింది. తర్వాత తీగపాకమైంది,
తర్వాత కర్ర కదలడం మానేసింది.
నేను చూస్తూనే ఉన్నాను.
రెండు వందల పన్నెండు గ్రాములు,
గ్రాము తేడా లేకుండా తూచి కలిపినది.
మందుల షాపులో ఇంత పారబోసి ఉంటే
ఉద్యోగం పోయేది.

చీకటి పడ్డాక లేచాడు.
"నీలం ఎప్పుడు వేస్తావు?"
తలుపు గడియ మీద చెయ్యి, మొహం బయటికి.

ఈ ప్రైమర్ గుణం చెప్పాను.
మూడు రోజుల లోపల పై పూత పడితే
ఒక ఒంటిలా పట్టేస్తుంది.
గడువు దాటిందా, ఎంత మంచి రంగైనా
పెచ్చులూడి పోతుంది.
మళ్ళీ ఒళ్ళంతా గరుకు చేసి, గీతలు పెట్టి
మొదలెట్టాల్సిందే.

"గురువారం లోపల రా" అన్నాను.
"ఆలస్యమైతే నీ ఉప్పుకాగితం నువ్వే తెచ్చుకో."