ఐదు తీగలు

తాంపెరె ఊరికి నవంబరులో
మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది.
ఆర్వో పోయాడన్న కబురు
ట్రామ్‌లో నా ముందు సీటువాడి భుజాల మీద చదివాను.

నూలుమిల్లు వెనక పాత బారులో చేరాం.
ఎవరికి ఎవరమూ ఏమీ కాము.
అందరం తల నెరిసి, ఒక చెవి మందగించినవాళ్లం.
ఆ చెవి ఆయనకు మేం చేసిన చదివింపు.

తౌనో జేబులోంచి తెగిన తీగ తీశాడు.
ఎనభై మూడులో, పాట నడుమ తెగితే
మిగిలిన అయిదింటితోనే
గంటసేపు కురిశాడట.
"గంటన్నర" అంది ఇర్మెలి.
ఆ అరగంట కోసం కాసేపు పోట్లాడుకున్నాం.
బాగుంది, ఏడవక్కర్లేకుండా.

నాకు గుర్తున్నది పాట కాదు.
ఆఖరి బస్సు తప్పిపోయి
మంచులో ఇల్లు చేరేదాకా చెవుల్లో ఈల.
బూట్లు తడిశాయని తెల్లారాక తెలిసింది.

పుట్టుచెవిటి ఒస్కరి
చెక్కనేల మీద అరచెయ్యి ఆనించి చూపించాడు:
ఇక్కడ, ఇలా వినేవాణ్ణి.

తలుపు దగ్గర ఒకావిడ, కోటు విప్పకుండా.
ఆయన కింది వాటా మనిషి.
పదకొండుసార్లు పోలీసుల్ని పిలిచిందట.
"నాలుగు రోజులుగా నిద్ర లేదు,
ఎప్పుడు మొదలెడతాడా అని."
జరిగి చోటిచ్చాం.

బారువాడు ఆయన ఆంప్లిఫైయర్ స్విచ్ వేశాడు.
లోపల గొట్టాలు వెచ్చబడి సన్నగా జుమ్మని రొద,
మొదటి స్వరానికి ముందు
మేం ఊపిరి బిగబట్టే ఆ రొదే.

ఎవరూ వాయించలేదు.
ఒస్కరి చెయ్యి ఇంకా నేల మీదే ఉంది.