కాల్ బుక్కులో రెండు–ఒకటి

నా ఉద్యోగం మనుషుల నిద్ర చెడగొట్టడం.
బిట్రగుంట లోకోషెడ్డులో కాల్ బాయ్‌ని.
చంకలో కాల్ బుక్కు, చేతిలో లాంతరు, చెవి మీద పెన్సిలు.
బండికి రెండు గంటల ముందు
డ్రైవరు తలుపు తట్టాలి, ఫైర్‌మన్ తలుపు తట్టాలి,
లేచినట్టు రాయించుకోవాలి.
తిట్లు జీతంలో కలిసే వచ్చేవి.

అరవై రెండు సెప్టెంబరు, ఒక మంగళవారం రాత్రి.
ఇన్‌స్టిట్యూట్ వరండాలో రేడియో
నెత్తిన రెండు మొడితే గాని పలకలేదు.
ఎక్కడిదో వరద, ఎవరిదో ప్రారంభోత్సవం,
అన్నీ అయ్యాక తోక చివర
జకార్తా అన్నాడు. ఫుట్‌బాల్ అన్నాడు.
కొరియా మీద రెండు–ఒకటి, బంగారు పతకం
అన్నాడో లేదో వాతావరణంలోకి పోయాడు.
వరండాలో నేనూ, క్యారమ్ బోర్డు తుడిచే ముసలాయనా.
ఆయనకు చెవుడు.

ఇంత వార్త పెట్టుకుని ఒక మనిషి ఏం చేస్తాడు?
పుస్తకం తెరిచాను.
ఒకటీ పదికి బెజవాడ గూడ్సు.
డ్రైవరు డిక్రూజ్ దొర. ఫైర్‌మన్ పెంచలయ్య.

దొర తలుపు సందులోంచి విన్నాడు.
"మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానమొచ్చినప్పుడూ
నాకు గూడ్సే వేశారు" అని సంతకం గీకి
తలుపేసుకున్నాడు.
నేను మెట్లు దిగుతుంటే లోపల్నించి ఈల.

పెంచలయ్య సంగతి వేరు.
షెడ్డు టీములో లెఫ్ట్ ఔట్. బూటు ముట్టడు.
"నిప్పు తొక్కేవోడికి తోలెందుకబ్బయ్యా."
నలభై ఎనిమిదిలో, లండన్‌లో,
మనోళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఫ్రాన్స్ మీద ఆడి
రెండు పెనాల్టీలు పోగొట్టుకుని ఓడారని
ఎవరిచేతో పేపరు చదివించుకుని
ఆ ముక్క కత్తిరించి
పెంచలకోన నరసింహస్వామి పటం కింద అంటించాడు.
ఎందుకంటే, ఆ ఏడే గూడూరు మీద
పెనాల్టీని పోస్టు మీంచి బొగ్గుకుప్పలోకి కొట్టింది తనే.
పద్నాలుగేళ్ళు ఎవరెత్తిపొడిచినా ఒకటే జవాబు:
"లండన్‌లో రెండు పొయినయ్ సామీ. నాది ఒకటే గదా."
హెల్సింకీలో పది గోల్సు పడ్డప్పుడు మాత్రం
మూడు రోజులు నోరు విప్పలేదు.
నాలుగో రోజు, పార చేతిలో ఉండగా,
"ఆడ చలి" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

తలుపు తట్టాను.
"బెజవాడ గూడ్సు, ఒకటీ పది."
"ఊ."
"జకార్తా, రెండు–ఒకటి."
మంచం కిర్రుమంది. ఆ తర్వాత ఏమీ లేదు.
షెడ్డులో ఏదో ఇంజను ఆవిరి వదిలింది.
"ఎవురికి రెండు?"
"మనకే."
"పెనాల్టీలా?"
"చెప్పలేదు."
"ఏం మనుషులబ్బా, అసలు సంగతి ఇడిసిపెట్టి!"

బయటికొచ్చాడు.
నా లాంతరు వెలుగులో ఒక గులకరాయిని
ఎడమకాలి బొటనవేలితో సర్దుకున్నాడు.
మెల్లిగా, అంత లావు మనిషి అంత మెల్లిగా,
నా రెండు కాళ్ళ మధ్య నుంచి తోశాడు.
కాలవలో బుడుంగుమంది.
"లోపలికేనా?"
"లోపలికే."

వేలిముద్ర వేసేవాడు ఎప్పుడూ.
ఆ రాత్రి నా చెవి మీది పెన్సిలు లాక్కుని
రెండు, గీత, ఒకటి రాశాడు,
కాగితం చిరిగేంత గట్టిగా.

ఫోర్‌మన్ మెమో నాకిచ్చాడు:
రిజిస్టరులో సంబంధం లేని రాత. అర్ధరూపాయి కోత.

డెబ్బైలో కంచు వచ్చింది. అంతే.
షెడ్డు పోయింది. మైదానం నిండా కంపచెట్లు,
మిగిలిన ఒక్క గోల్‌పోస్టుకు ఎవరిదో బర్రె.
ఆ కాల్ బుక్కు చిత్తుకాగితాల్లో అమ్ముడై
కావలి బజార్లో బొరుగుల పొట్లమై ఉంటుంది.

మొన్న మా మనవరాలు ఫోనులో వెతికి చెప్పింది.
పెనాల్టీలు కావు తాతా,
రెండూ ఆడుతూ కొట్టినవే, ఇరవై నిమిషాల్లోపే.

లేచి లాంతరు కోసం చూశాను,
ఏ క్వార్టరు తలుపు తట్టాలో తెలియకుండానే.