ఏరుడు

ఆ ఆదివారం మార్కెట్లో కాటా కట్టలా.
బస్తాలు దించే చోట బల్ల యేశారు.
కాయలు పోసే తట్ట మీద అట్ట కట్టి
కత్తితో నడిమధ్య గాటు పెట్టారు.
అదే ఓట్ల పెట్టె.

పొదలకూరు షెడ్డులో పద్నాలుగేళ్లుగా
నిమ్మకాయలు ఏరేదాన్ని నేను.
పెద్దకాయ ఇటు, గోలీ అటు,
మచ్చకాయ ఊరగాయకి,
పండుకాయ ఆ పూటే లారీ ఎక్కాల.
చెయ్యే చూసుకుంటాది, కంటితో పన్లేదు.

ఈ తూరి ఏరమన్నది మనుషుల్ని.
మా పార్టీ తరపున జెడ్పీటీసీకి
ఎవుర్ని నిలబెట్టాలో మీరే చెప్పండన్నారు.
ఎప్పుడూ నెల్లూరు నించి కవరొచ్చేది,
అంటించిన కవరు.
అది చించేదాకా మావోళ్లు
ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకోనుండేవాళ్లు.
ఇప్పుడు కవరు లేదు,
కార్డున్న ప్రతోడికీ ఒక చీటీ.

అటు మాల్యాద్రి, కమీషన్ కొట్టు.
ఇటు పెంచలనరసయ్య, ఎరువుల అంగడి.
ఒకటే జెండా, ఒకటే కండువా,
గోడలకి రాసే మస్తానుకి
ఒక్క రంగు డబ్బాతో సరిపోయింది.
ఒకే చెట్టు కాయలు సామీ,
ఏం చూసి ఏరేది?

మొన్నటిదాకా ఒకే ప్లేట్లో దోశ తుంచుకున్నోళ్లు,
మైకు చేతికొచ్చినాక
కాటా పళ్లెం కింద రాయి కట్టాడని వాణ్ణి వీడు,
యూరియాలో ఉప్పు కలిపాడని వీణ్ణి వాడు.
ఎదుటి పార్టీవోళ్లు టీ అంగట్లో కూచోని
ఆ తిట్లన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటా ఉండారు,
ముందు ముందు పనికొస్తాయని.

నా ఓటు నేను వేశా. ఎవురికో చెప్పను.
స్టాంపు ప్యాడు సిరా వేలికి పూశాడు పిల్లోడు.
చేతులు ఊరుకుంటాయా?
శనివారం మిగిలిన బస్తాలో
కుళ్లినయ్యి తీసి పారేస్తా కూచున్నా.
నిమ్మ పులుపుకి సిరా యాడ నిలబడతాది?
పన్నెండయ్యేసరికి వేలు ఉతికిన గుడ్డ.

మాల్యాద్రి బామ్మర్ది కంట్లో పడింది ఆ వేలు.
"నువ్వింకా వెయ్యలేదే, రా అక్కా."
వేశాన్రా అంటే వినడే.
నరసయ్య మనిషి ఉరుక్కుంటా వచ్చి
"ఆమె మా మనిషి" అని రెండో రెక్క పట్టుకున్నాడు.
ఇద్దరూ కలిసి నన్ను బల్లకాడికి తోలుకపోయారు.
ఆ పొద్దు రెండు జట్లూ కలిసి చేసిన పని
అదొక్కటే.

చేతిలో రెండో చీటీ.
పెన్సిలు కొన నాలిక్కి అద్దా.
ఇంకో టిక్కు కొడితే అడిగేవోడు లేడు.
తొమ్మిది బస్తాలు ఏరితే ఎనిమిదని రాసిన
గుమస్తా మొహం గుర్తొచ్చింది.
ఆ ఒక్క బస్తా కోసం
నేను వాడి అంగడి ముందర అరిచిన అరుపులు కూడా.
ఉత్త కాగితం మడిచి గాట్లో తోశా.

సందేళ గోనెపట్టా పరిచి చీటీలు పోశారు.
ఏరేదానికి మళ్లీ మేమే, ఆరుమంది ఆడోళ్లం.
నూట ఎనభై ఒకటి మాల్యాద్రికి,
నూట డెబ్బై ఏడు నరసయ్యకి.
సంతకాలు మూడొందల యాభై ఎనిమిది,
చీటీలు యాభై తొమ్మిది.
ఆ ఎచ్చు చీటీ యాడిదని షెడ్డు రేకులెగిరేట్టు అరుపులు.

నెల్లూరు నించి వచ్చిన పెద్దాయన
ఉత్త చీటీని బల్బుకి పట్టి చూశాడు,
ముక్కుకాడ పెట్టుకున్నాడు.
"నిమ్మకాయ వాసన" అన్నాడు.
అందరూ నవ్వారు.
ఆ మాటకొస్తే ఆయన కండువా కూడా
అదే వాసన కొడతా ఉంది.
నేను మాత్రం కట్టకి రబ్బరు బ్యాండు వేస్తా
తల ఎత్తలా.

తెల్లారి మా వీధికొచ్చాడు నరసయ్య, చేతులు జోడించి.
"మన మాల్యాద్రి బంగారమమ్మా, గెలిపించాల."
"మరి కాటా కింద రాయి?" అన్నా.
అటు తిరిగి, గొంతు సవరించుకోని,
"తీసేసుంటాడు లేమ్మా" అన్నాడు.

మధ్యాన్నానికి కాటా కట్టారు.
పళ్లెం కిందకి చెయ్యి పోనిచ్చి
ఆ మూల నించి ఈ మూలకి తడిమి చూసి,
అప్పుడు కూచున్నా
కాయలు ఏరేదానికి.