చలికొమ్ము

చలికొమ్ముని వంచకు.
మా అయ్య నాకు నేర్పిన మొదటి మాట.
నూనె రాయి, కుంపటి మీద తిప్పు,
చేతికి మైనంలా లొంగేదాకా ఆగు.
తొందరపడ్డావో, కొంగ మెడ పుటుక్కుమంటాది,
వారం రోజుల పని బుగ్గి.

నలభై ఏడేళ్లొచ్చాక
అదే మాట ఇంకో నోట విన్నాను
పర్లాకిమిడి పాతబడి మేడ మీద,
తెల్లారగట్ల ఐదింటికి,
అరికాళ్ల కింద గచ్చు మంచుగడ్డలా ఉండగా.

సులోమి టీచరుది గుమ్మ కొండల్లో సవర ఊరు.
నాతో తెలుగు, పక్కాయనతో ఒడియా,
లెక్క మాత్రం సంస్కృతం.
"పేరు?"
"దుర్యోధన."
నవ్వలేదావిడ.
"అయితే తొడలు జాగ్రత్త" అంది.

ముప్ఫై ఏళ్లు సాన ముందు వొంగి కూర్చుంటే
మనిషి కూడా కొమ్ములా వంకర తిరుగుతాడు.
నడుం పట్టేసి వెళ్లాను నేను,
వెళ్లగానే పద్మాసనమనుకున్నాను.
ఊరికే నిలబడమంది.
సమస్థితి.
నిలబడ్డానికీ గురువు కావాలా అని లోపల గొణుక్కున్నాను.
గొణుగుడు అవకముందే తెలిసింది,
బరువంతా కుడికాలి మీదే మోసుకుంటూ బతికేశాను.
ఎడమది ఇన్నాళ్లూ చుట్టంలా వెంట వచ్చింది.

ఏకం. చేతులు పైకి, ఊపిరి లోపలికి.
ద్వే. వొంగు, వదులు.
నా వేళ్లు మోకాళ్లు దాటి బెత్తెడు దిగి
చెక్‌పోస్టు దగ్గర లారీలా ఆగిపోయాయి.
త్రీణి. తల ఎత్తు.
చత్వారి అనేసరికి
అందరూ నేలకి జానెడెత్తున బల్లల్లా నిలిచారు,
నేను ధాన్యం బస్తాలా పడ్డాను.
"మోకాళ్లు ఆన్చుకో, తప్పు లేదు.
ఊపిరి తప్పితేనే తప్పు."

ఆ ఊపిరే చిక్కు.
గొంతు కాస్త బిగించి ముక్కుతో తీయాలి,
చప్పుడు నాకు వినబడాలి, పక్కవాడికి కాదు.
గురకొచ్చింది, దగ్గొచ్చింది, అది రాలేదు.
నాలుగో రోజు దుకాణంలో
కొమ్ము మీద ఆకురాయి నడుపుతున్నాను,
పోతూ ఒక చప్పుడు, వస్తూ ఒక చప్పుడు.
చెయ్యి ఆగిపోయింది.
ఇన్నేళ్లూ నా పిడికిట్లో ఆకురాయి
చక్కగా శ్వాసిస్తూనే ఉంది.

శనివారం సెలవు. అమాసకీ పున్నానికీ సెలవు.
మిగతా రోజుల్లో రా, అంతే.
ఆరు వారాలు అవే ఐదు నమస్కారాలు.
పక్కన పాణిగ్రాహి గారబ్బాయి
కాళ్లు ముడేసుకుని పువ్వులా కూర్చుంటాడు.
నా కళ్లు అటే.
"ముక్కు కొస చూడు దుర్యోధనా,
అది నీదే."

ఒక రాత్రి తలుపేసుకుని
నేనూ ముడేశాను.
మోకాలు చిన్నగా మాట్లాడింది.

తెల్లారి కుంటుతూ వెళ్తే
"నొప్పా?" అంది.
"అబ్బే, లేదు."
వచ్చి నా ఎదుట గచ్చు మీద కూర్చుంది.
"మొత్తం ఎనిమిది మెట్లు. ఆసనం మూడోది.
మొదటి మెట్టు మీదే రాసుంది,
హింస చెయ్యకు, ఆ వెనకే అబద్ధమాడకు.
ఒక్క మోకాలితో
రెండూ కానిచ్చావు."

ఆ వారం నన్ను వొంగనివ్వలేదు.
గోడకి కాళ్లు ఆనించి పడుకోమంది, ఊపిరి లెక్కపెట్టమంది.
మేడ కింద గుణుపురం బస్సు హారను కొడుతుంటే
ఎక్కడిదాకా లెక్కపెట్టానో మరిచిపోయి
మళ్లీ ఒకటి నుంచి.

దుకాణంలో కుర్రాడు రఘునాథ్
గొర్రెకొమ్ము వేడెక్కకుండానే వంచబోయాడు.
తిడదామని నోరు తెరిచి
"ఐదు ఊపిర్లు ఆగు" అన్నాను.
నన్ను వింతగా చూశాడు, ఆగాడు.

నిన్న ద్వే అన్నప్పుడు
నా నడివేలు చీలమండకి తగిలింది.
ముందు వేలికి తెలిసింది, తర్వాత కాలికి.
గోరు కింద నిన్నటి కొమ్ముపొడి.
ఇంకాసేపు ఉండి చూసుకుందామనుకున్నాను,
ఎవరికైనా చెబుదామనీ అనుకున్నాను.
త్రీణి, అంది ఆవిడ.

తల ఎత్తాను.