నిద్ర మొక్కు

నేను మత్తు డాక్టర్ని.
నల్లగొండ పెద్దాసుపత్రిలో
మనుషుల్ని నిద్రలోకి దింపి
మళ్లీ ఒడ్డుకు చేర్చుడు నా నౌకరి.
నిద్రకో దిక్కుంటదని నాకెవరూ చెప్పలేదు.

మర్రిగూడ అవతల నుంచి వచ్చిండు మల్సూరు.
బోరునీళ్లు తాగి తాగి
ఎముకలు సున్నం పట్టి బిగిసినోడు.
మెడ తిరగదు, నడుము లేవదు.
చేతుల్లోంచి గిన్నె జారితే
కిందపడ్డ చప్పుడుతోనే తెలుస్తదట.

"మొక్కెతందుకు వంగే పని లేదు సారూ,
దేవుడు నన్ను వంచే పెట్టిండు"
అని నవ్విండు.
నేను సంతకం కోసం కాగితం చాపిన.

బుధవారం ఆపరేషనంటే
తల అడ్డంగా ఊపబోయి, ఊగక, చెయ్యి ఊపిండు.
ఆ రోజు అమాస.
చెర్వుగట్టు మీద ఐదు అమాసలు నిద్ర చేస్తనని మొక్కు.
నాలుగైనయి.
"పూస నరాన్ని నొక్కుతున్నది, ఆగదు" అన్న.
"నాది గూడ ఆగదు" అన్నడు.
'నిరాకరించాడు' అని రాయబోయిన.

అప్పటిదాకా గోడకానుకొని వక్క నమిలిన సైదమ్మ
"నువ్విచ్చేది గూడ నిద్రే గదా బిడ్డా?" అనడిగింది.
నా చదువుల పదేండ్లు వెతుక్కున్న.
"నిద్రే" అన్న.
"అయితే గట్టు దిక్కు తలపెట్టి పండవెట్టు."

రాత్రి పన్నెండు దాటితే నోట్లో ఏం పొయ్యొద్దని
అందరికీ చెప్తం; ముగ్గుర్లో ఒకడు చాయ్ తాగుతడు.
సిస్టర్ నస్రీన్ ఆయనకు ఒకటే మాట చెప్పింది:
"ఒక్కపొద్దు."
మల్సూరు గుటక గూడ మింగలేదు.

థియేటర్‌కు కిటికీల్లేవు.
గట్టు ఎటు?
సర్జన్ ఫోన్ తీసిండు, సిగ్నల్ లేదు.
నస్రీన్ మాత్రం ఆలోచించకుండ గోడను చూపింది,
"అది పడమర. రోజూ అటే గదా నేను నిలబడేది.
ఉత్తరం కుడిచేతికి."

బ్రేకులు తీసి బల్లను తిప్పినం.
వైర్లు చాలక వార్డుబాయ్ ఇంకో బాక్సు తెచ్చిండు.
"ఉత్తరం తల శవానికి గదా" అని గొణిగి
తనే మళ్లీ, "బోర్లా పడ్డోనికి దోషం లేదు తియ్."

గొట్టం వేసి, నలుగురం పట్టి
బోర్లా తిప్పినం.
వంకర నడుము కింద దిండు మీద దిండు.
చేతులు పక్కలకు కట్టినం, ముందుకు చాపే వీల్లేదు.
మిగతాదంతా సాష్టాంగమే.
పచ్చగుడ్డ కప్పేముందు
ఒక్క క్షణం ఎవ్వరం కదల్లేదు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

మెడ ఇప్పటికీ తిరగదు.
ఎడమ చేతికి గిన్నె అంచు కొంచెం తెలుస్తున్నదట,
కుడిచేతికి ఇంకా లేదు.

ఐదో రోజు అడిగిండు:
"పగటి నిద్ర లెక్కకొస్తదా సారూ?"
నాకు తెల్వదన్న.
"మాకైతే కజా ఉంటది, తప్పింది తర్వాత తీర్చుకుంటం"
అంది నస్రీన్, కట్టు విప్పుకుంటనే.
ఆయన పైకప్పు చూస్తూ చానాసేపు లెక్కేసి
"సగం జమ, సగం బాకీ" అన్నడు.

డిశ్చార్జి కాగితంలో మాత్రల కింద
ఒక వరుస నేనే రాసిన:
మిగిలిన సగం నిద్ర, మూడో అమాసకు.
మెట్లెక్కొద్దు, ఆటోలో పోవాలె.
రాత్రంత కాలర్ తియ్యొద్దు.