పదిహేడో నంబరు

మిల్లువాళ్ళ కాగితంలో నీళ్ళు తేటతెల్లం.
ఉప్పు సరిపోయింది, ఆక్సిజన్ సరిపోయింది,
రంగు కూడా ఫరవాలేదట.
రాసిందీ వాళ్ళే, కాగితం తయారుచేసిందీ వాళ్ళే.

షలూర్ అఖాతం మీద ఇంకా మంచుపలకలు తేలుతున్నాయి.
ఎవారిస్ట్ పొద్దున్నే ఆరింటికి
కుక్కబిస్కెట్లు ఎరవేసిన బుట్టలు పైకి లాగాడు.
వేలెడంత చేపలు, బురదరంగువి.
ఎవరూ వండుకోరు, ఎవరూ ఫొటో తీయరు.
మిల్లుకు ఎగువవి నీలం బకెట్లో,
దిగువవి తెల్ల బకెట్లో.

కాలేయం కందిగింజంత.
తీసిన మరుక్షణం గడ్డకట్టించాలి,
లేకపోతే అది చెప్పబోయిన మాట
నా వేళ్ళ మధ్యే చెరిగిపోతుంది.

పైకి ఏ చేపకూ ఏ జబ్బూ లేదు.
రెక్కలు నిండుగా, కళ్ళు నిగనిగ.
లోపల ఏ జన్యువు మేలుకుందో
ఏది ముసుగుతన్ని పడుకుందో
యంత్రం నలభై చుట్లు తిరిగి వింటుంది.

గుడ్డులోకి పచ్చసొన వండించే జన్యువొకటి ఉంది.
ఆడచేపలో అది వసంతానికి లేస్తుంది.
మగచేపలోనూ ఉంటుంది,
ఎవరూ పిలవని పేరులా.

ఎగువ మగచేపలు పదహారు.
గీత నేలనంటుకునే సాగింది.
అంత అందమైన ఏమీలేనితనం నేనెప్పుడూ చూడలేదు.
పదిహేడోది దిగువది. మగదే.
పందొమ్మిదో చుట్టుకే గీత నిటారుగా లేచింది.

రోజంతా నోట్లో నీళ్ళతోనే బతికే ప్రాణి
ఒక్క ముక్కకూ నీళ్ళు నమల్లేదు.

"అంటే, వీడు తల్లయ్యాడా?" అన్నాడు ఎవారిస్ట్.
కాదన్నాను. రాని బిడ్డ కోసం
కాలేయం రాత్రింబవళ్ళు వంట చేస్తోంది, అంతే.
అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
ఇరవై రెండేళ్ళు ఆ మిల్లులోనే గుజ్జు కలిపాడు.
ఇల్లు ఆ జీతమే, పడవా ఆ జీతమే.

తొట్టిలో మిగిలినవాటిని పట్టినచోటే వదలాలి. నియమం.
తెల్ల బకెట్ ఒళ్ళో పెట్టుకుని ట్రక్కులో కూర్చున్నాను.
దిగువ రేవు మలుపు వచ్చింది,
వెళ్ళిపోయింది.
అతను నావైపు చూడలేదు, నేను ఆపమనలేదు.
వంతెన దాటాక, ఎగువన, మోకాలిలోతులో
బకెట్ మెల్లగా ఒరిగింది.

సాయంత్రం పెద్దాఫీసు నుంచి ఫోను.
"చేపల్ని ఎక్కడ వదిలారో ఆ గడి ఖాళీగా ఉందేం, ఒదీల్?"

చాలాసేపు
నేను నమిలాను
నీళ్ళు.