పొగ లేని గుడిసె

సాయంత్రం ఆరింటికి
ప్యాంటు మోకాళ్ళ దాకా మడుస్తాను.
కాలు మీద కాలు వేసుకుని చేసే ఉద్యోగం నీదని
మా బావ అకేచ్ ఎగతాళి.
అదొక్కటే కుదరదు బావా, అన్నాను.
రెండు కాళ్ళూ చాపి, ఎడంగా పెట్టి,
చీకటికి అప్పజెప్పాలి.

నోట్లో రబ్బరు గొట్టం, దాని చివర గాజు నాళం.
వాలిన దోమ సూది దించేలోపు
ఊపిరి లోపలికి పీలిస్తే
అది గాజులోకి వచ్చి పడుతుంది.
మధ్యలో వల ఉంది, నోట్లోకి రాదులే, భయపడకు,
అంది మొదటి రాత్రి స్టేషన్ మేడం న్యాసోకో.
నా భయం మింగడం గురించి కాదు.

మా నాన్న ఈ సరస్సులోనే గాలం వేసేవాడు.
నా గాలమూ నేనే, వానపామూ నేనే,
ఒడ్డున కూర్చున్నవాడినీ నేనే.
గంటకో కాగితం కప్పు.
ఏడు నుంచి ఎనిమిది: మూడు.
ఎనిమిది నుంచి తొమ్మిది: రెండు.
అర్ధరాత్రి దాటాకే అవి అసలు ఆకలితో వస్తాయి.

అవతలి గుడిసెలో ఒడెరో.
వాడి పక్కన కుంపటి, కుంపటిలో బ్వార్ ఆకు.
చీటీలు తీశాం సాయంత్రం,
వాడికి పొగ వచ్చింది, నాకు ఖాళీ.
ఖాళీ అనకు ఒబూరా, కంట్రోల్ అను,
అంది మేడం.
దోమలకి ఆ తేడా తెలియదు.

బ్వార్ అంటే అడవి తులసి.
మొక్కజొన్న చేల గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలుస్తుంది.
కోళ్ళ గూటి కింద, బాలింత మంచం కింద
మా అవ్వ దాన్ని రాజేసేది.
ఆమె చనిపోయాక కూడా ఆమె దుప్పటి
చాలాకాలం ఆ వాసనే వేసింది.
ఇప్పుడది స్టేషన్‌లో సీసాలో ఉంది.
పేరు పదిహేడు.

కోపం వచ్చింది నాకు.
ఇందులో మీరు కనిపెట్టేదేముంది,
మా వాళ్ళకి ఎప్పుడో తెలుసు, అన్నాను.
ఆమె కాదనలేదు.
ఎంత తెలుసు? అంది.
ఎంతంటే?
వందకి ఎన్ని?

రాత్రి రెండింటికి ఆ మాట మళ్ళీ వచ్చి
మోకాలి కింద వాలింది.

అవ్వకి తెలుసు.
కానీ అవ్వ దగ్గర పొగ లేని గుడిసె లేదు.
ఉంటే అందులో ఎవరిని పడుకోబెట్టేది?
మా నాన్ననా? బాబాయినా?

ఒక్కసారి ఉంది.
తొమ్మిది రోజుల ముసురు,
ఆకంతా తడిసి ముద్దయిపోయిందట, రాజుకోలేదట.
ఆ నెలలోనే మా అత్త అటీగా.
నాలుగేళ్ళు.
అవ్వ ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు,
వాన అంటే మాత్రం లేచి తలుపు వేసేది.

నావి పెద్దవాడి కాళ్ళు. నా సంతకం నేనే పెట్టాను.
వారం వారం మాత్ర ఇస్తారు, రాత్రికింతని డబ్బిస్తారు.
అయినా ఈ స్టూలు మీద కూర్చుంటే
ఒక్కోసారి నాలుగేళ్ళ పిల్ల
నా పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నట్టుంటుంది.

మూడున్నరకి కునుకు పట్టింది.
ఒకటి తాగి ఎగిరిపోయింది,
కందిన చోటు చూసుకున్నాక తెలిసింది.
ఒక్కటేగా, రాసేయ్ అంటాడు బావ.
కాకిలెక్కలు నాకు చేతకావు.
గడిలో రాశాను:
ఒకటి తప్పిపోయింది. నిద్ర నాది.

తెల్లవారింది.
ఒడెరోవి పద్దెనిమిది. నావి అరవై నాలుగు.
అందరూ వాడి భుజం తట్టారు,
వాడు ముక్కు చీదితే ఇంకా మసే వస్తోంది.
మేడం మాత్రం నా కప్పులు ఒక్కొక్కటే ఎత్తి
వెలుగులో పెట్టి చూసింది.
ఇవి లేకపోతే, అంది,
ఆ పద్దెనిమిది పద్దెనిమిదే.
అంతకంటే ఏమీ అనలేదు.

సరస్సులో కాళ్ళు పెట్టాను.
చేపపిల్లలు వచ్చి
పిక్కల మీద, మడమల మీద
ఇష్టం వచ్చినట్టు కొరుకుతున్నాయి.
ఎన్నో తెలియదు.
వీటిని లెక్కపెట్టక్కర్లేదు.